బీఎఫ్‌ఏ అయింది, మొదటి బొమ్మల పుస్తకం పని వచ్చింది: 40 వేలు, "సర్వహక్కులు". సంతకం పెట్టాలా?

పలక_బలపం · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఈ ఏడాదే బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ డిగ్రీ అయిపోయింది. ఏజెన్సీ ఉద్యోగం కాకుండా ఫ్రీలాన్స్ ఇలస్ట్రేషన్‌లోకే దిగాలని ఉంది. పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. వివరాలివి.

పుస్తకం 8.5 × 8.5 అంగుళాలు, 24 పేజీలు, సెంటర్ పిన్ (మధ్య మడత మీద పిన్నులు కొట్టే బైండింగ్). లోపల 11 డబుల్ స్ప్రెడ్లు (ఎదురెదురు రెండు పేజీలు కలిపి ఒకే బొమ్మ), మొదటి పేజీ, చివరి పేజీ విడిగా, పైన కవర్. మొత్తం 14 బొమ్మలు. గడువు 6 వారాలు. 40,000 ఇస్తారట, అదీ పుస్తకం అచ్చయ్యాక. ఒప్పందం అంటే ఒక్క లైనే: "బొమ్మలపై సర్వహక్కులూ ప్రచురణకర్తకే చెందును."

ఈ రేటు సరైనదేనా? ఆ లైను మామూలేనా? ఫైళ్లు ఎలా ఇవ్వాలి? పన్నుల గొడవ ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

రఫ్‌స్కెచ్ · సోమవారం, రాత్రి 9:50

రేటు సరైనదా కాదా అని ఊళ్లో వాళ్లను అడిగితే ఊరికో మాట చెబుతారు. ముందు మీ రోజుకూలీ ఎంతో తేల్చుకోండి. కాగితం మీద ఇలా వేయండి.

రూమ్, తిండి, కరెంటు, నెట్ కలిపి నెలకు 30,000 అనుకుందాం. కంప్యూటర్, పెన్ ట్యాబ్లెట్ కలిపి 96,000 అయితే, మూడేళ్లలో మార్చాల్సినవే కాబట్టి నెలకు 2,667. సాఫ్ట్‌వేర్, కొరియర్, ప్రింట్లు 2,000. ఆరోగ్య బీమా, చేతిలో ఉంచుకునే సొమ్ము 5,000. అటూ ఇటుగా 40,000.

నెలకు 22 పనిదినాలున్నా అన్నిటికీ డబ్బులు రావు. మెయిళ్లు, కొటేషన్లు, పోర్ట్‌ఫోలియో, బిల్లుల వెంట పడడం, ఊరికే ఖాళీగా ఉండడం తీసేస్తే 12 రోజులు మిగిలితే గొప్ప. 40,000ని 12తో భాగిస్తే రోజుకు 3,333.

ఇప్పుడు పుస్తకం సంగతి. నేపథ్యం నిండుగా ఉన్న ఒక స్ప్రెడ్‌కు చిన్న థంబ్‌నెయిల్స్ (బుల్లి చిత్తు బొమ్మలు) 2 గంటలు, పెన్సిల్ రఫ్ 4, ఫైనల్ 10, దిద్దుబాట్లు 2. మొత్తం 18 గంటలు. రోజుకు చేతినిండా గీయగలిగేది 6 గంటలే, అంటే 3 రోజులు. 11 స్ప్రెడ్లకు 33. విడి పేజీలు, కవర్‌కు 4. పాత్రల షీటు, రంగుల పరీక్షకు 3. మొత్తం 40 రోజులు. మీ కూలీ లెక్కన 1,33,000 దాటుతుంది. వాళ్లిచ్చేది రోజుకు వెయ్యి.

ఇంకో చిక్కు చూడండి. 6 వారాలంటే, ఆదివారాలు తీసేస్తే 36 రోజులు. పని 40 రోజులది. రఫ్‌లు చూసి చెప్పడానికి వాళ్లు తీసుకునే వారం, పది రోజులు ఇందులో లేనేలేవు. ఈ గడువుకు ఒప్పుకుంటే డబ్బు సంగతి అటుంచి, చివరి నాలుగు స్ప్రెడ్లూ పాడవుతాయి. పుస్తకం తిరగేసేవాడికి ఆ పేజీల్లో చేతులు, పాదాలు చూడగానే తెలిసిపోతుంది.

నల్లసిరా · సోమవారం, రాత్రి 10:31

రఫ్‌స్కెచ్ అన్న లెక్క వినడానికి బాగుంది. లక్షా ముప్పై అడిగితే అవతలివాళ్లు మళ్లీ మెయిల్ కూడా పెట్టరు. తెలుగులో 2,000 కాపీలు అమ్ముడుపోతేనే పండగ చేసుకునే ప్రచురణకర్తలున్నారు. పుస్తకం వెల 80 అయితే మొత్తం అమ్మకమే 1,60,000, అందులో షాపు వాటా, అచ్చు ఖర్చు పోవాలి. మొదటి పుస్తకం చేతిలో ఉంటే రెండోది దొరుకుతుంది. సంతకం పెట్టేయడమే మంచిదని నా మాట.

రఫ్‌స్కెచ్ · సోమవారం, రాత్రి 10:48

మూడింతలు అడగమని కాదు నేనన్నది, పని తగ్గించుకోమని. ప్రచురణకర్త దగ్గర నిజంగానే డబ్బు లేకపోతే పుస్తకం తీరు మార్చాలి. 11 స్ప్రెడ్లలో అయిదే నిండు బొమ్మలు, మిగతా ఆరు తెల్లకాగితం మీద విడి బొమ్మలు. మొత్తం పుస్తకానికి నాలుగైదు రంగులే. అప్పుడు నిండు స్ప్రెడ్ 2 రోజులు, విడి బొమ్మల స్ప్రెడ్ ఒక రోజు. 10, 6, కవర్‌తో కలిపి విడి పేజీలకు 3, పాత్రల షీటుకు 2, దిద్దుబాట్లకు 3. మొత్తం 24 రోజులు. గడువులో పడుతుంది. కూలీ 80,000. అక్కడి నుంచి 60,000కు దిగి, తగ్గించిన 20,000కు బదులు హక్కులు మన దగ్గరే ఉంచుకోవడం బేరం. తెల్లకాగితం వదలడం తెలిసిన చిత్రకారుడి పుస్తకం ఎలాగూ చూడ్డానికి బాగుంటుంది, అది వేరే విషయం.

హక్కుల_పుట · మంగళవారం, ఉదయం 7:20

ఆ ఒక్క లైను గురించి చెబుతాను, అసలు గొడవంతా అందులోనే ఉంది.

మనం అమ్మేది బొమ్మను కాదు, దాన్ని ఎక్కడ, ఎన్నాళ్లు, ఏ రూపంలో వాడుకోవచ్చో ఆ అనుమతిని. "సర్వహక్కులు" అంటే తెలుగు పుస్తకం ఒక్కటే కాదు. మిగతా భాషల అనువాదాలు, ఈబుక్, యానిమేషన్, స్కూలు బ్యాగు మీద బొమ్మ, అన్నీ. అవన్నీ కలిపి 40,000.

1957 కాపీరైట్ చట్టంలో తెలుసుకోవాల్సినవి ఇవి:

సెక్షన్ 17. మామూలుగా గీసినవాళ్లే మొదటి హక్కుదారులు. ఉద్యోగంలో భాగంగా గీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానికి వెళ్తుంది. చాలామందికి తెలియని మెలిక ఇంకోటుంది. డబ్బిచ్చి పురమాయించిన ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు పురమాయించినవాళ్లదే. "ఏమీ రాసుకోలేదు కాబట్టి హక్కు నాదే" అని ధీమాగా ఉండకండి. వాటర్‌కలర్ పేజీని పెయింటింగ్ అని ఎవరైనా వాదించవచ్చు. ఒక్క లైనైనా రాసుకుంటే ఆ వాదనే ఉండదు.

సెక్షన్ 19. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ పని, ఏ హక్కులు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము, అన్నీ అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం లెక్కిస్తుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది పోతుంది.

సెక్షన్ 57. హక్కులన్నీ ఇచ్చేసినా "ఇది నా బొమ్మ" అని చెప్పుకునే హక్కు, మీ పరువు పోయేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు మీకుంటాయి.

ఆ లైనుకు బదులు నేనైతే ఇలా పెడతాను:

"జాబితాలోని 14 బొమ్మలను తెలుగు ముద్రిత పుస్తకంగా, అదే పుస్తకపు తెలుగు ఈబుక్‌గా భారతదేశంలో 5 ఏళ్లపాటు ప్రచురించే హక్కును మాత్రమే చిత్రకారులు ఇస్తున్నారు. ఆ కాలంలో ఇదే కథకు ఈ బొమ్మలను వేరే ప్రచురణకర్తకు ఇవ్వరు. ఇతర భాషలు, వస్తువులు, యానిమేషన్, కృత్రిమ మేధ శిక్షణకు వాడకం ఇందులో లేవు. వాటికి విడి ఒప్పందం కావాలి. కాపీరైట్, ఒరిజినల్ బొమ్మలు చిత్రకారులవే. పేరు కవర్ మీద, లోపలి పేజీలో రచయిత పేరుతో సమానమైన అక్షరాల్లో ఉంటుంది."

నల్లసిరా · మంగళవారం, ఉదయం 8:05

ఇంత రాసి పంపితే చిన్న ప్రచురణకర్త బెదిరిపోతాడు.

హక్కుల_పుట · మంగళవారం, ఉదయం 8:26

ఆరు వాక్యాలకు బెదిరిపోతే రేపు బిల్లు చూసి ఏమవుతాడు? అయినా మీరన్నదాంట్లో నిజముంది, అన్నిచోట్లా ఒకే మందు పనిచేయదు. కొందరు కావాలనే హక్కులు వదులుతారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ కథల వేదికనే తీసుకోండి, అక్కడి పుస్తకాలు సీసీ బై 4.0 (క్రియేటివ్ కామన్స్) లైసెన్సు మీద ఉంటాయి. పేరు చెబితే చాలు, ఎవరైనా అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. దానివల్ల ఒకే బొమ్మ పది భాషల్లో తిరుగుతుంది, పేరు వస్తుంది. ఆ బొమ్మను మళ్లీ ఎవరికీ "మీకొక్కరికే" అని అమ్మలేం. ఆ లైసెన్సును ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. తెలిసి ఇస్తే తప్పులేదు. తెలియక సంతకం పెట్టడమే ఇబ్బంది.

రాయల్టీ మాట వస్తే "ఎంత శాతం" కన్నా "దేని మీద శాతం" అన్నది ముందు అడగండి. వెల 80, మీ వాటా 5 శాతం, 2,000 కాపీలు. కవర్ వెల మీదైతే 8,000. ప్రచురణకర్తకు చేరిన సొమ్ము మీదైతే, షాపులకు సగం కమిషన్ పోయిందనుకుంటే, 4,000. శాతం మాత్రం అదే 5.

పలక_బలపం · మంగళవారం, మధ్యాహ్నం 1:15

హక్కుల లైను ఇప్పుడర్థమైంది, కృతజ్ఞతలు. రఫ్‌స్కెచ్ అన్నా, 60,000 అని అడుగుతూ పని తగ్గించే మాట కూడా కలిపి రాస్తాను. ఇక ఫైళ్లు. వాళ్లు "హై రిజల్యూషన్ జేపెగ్ పంపండి" అన్నారు, అంతే. లైను చేత్తో నల్ల ఇంకుతో, రంగులు వాటర్‌కలర్, కొంత డిజిటల్. లోపలి పేజీలు 120 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మాప్‌లిథో, అంటే నునుపు పూత లేని కాగితం అట.

మాప్‌లిథో_మామ · మంగళవారం, సాయంత్రం 6:40

జేపెగ్ మాత్రమే అడిగారంటే మీకు వచ్చే ఫోన్లు అచ్చుకు వెళ్లిన రోజే వస్తాయి. ముందే సరిచేసుకుందాం.

కాన్వాస్: స్ప్రెడ్ 17 × 8.5 అంగుళాలు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 5100 × 2550 పిక్సెళ్లు. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ కలిపితే 5171 × 2621. బ్లీడ్ అంటే చుట్టూ తెల్ల అంచు పెట్టడం కాదు, బొమ్మనే అక్కడిదాకా గీయడం. కటింగ్ కత్తి అర మిల్లీమీటరు అటు జరిగినా తెల్లగీత పడకూడదు. ముఖాలు, అక్షరాలు కట్ గీతకు కనీసం 8 మి.మీ. లోపల ఉంచండి.

మడత: సెంటర్ పిన్ కాబట్టి మధ్యలో పెద్దగా ఏమీ మింగదు. అయినా కళ్లు, ముక్కు మడత మీద పడనివ్వకండి. మధ్య స్ప్రెడ్ తప్ప మిగతా వాటిలో ఎడమ పేజీ ఒక చోట, కుడి పేజీ ఇంకో చోట అచ్చవుతాయి. కలిపినప్పుడు ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది. తాడు, కరెంటు తీగ లాంటి సన్నగీతను మడతకు అడ్డంగా గీస్తే అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది. రేపు ఇదే పుస్తకాన్ని పర్ఫెక్ట్ బైండింగ్ (వెన్నుకు జిగురు పెట్టి అంటించడం) చేస్తే మడత దగ్గర ఒక్కో వైపు 5 నుంచి 8 మి.మీ. కనబడకుండా పోతుంది.

స్కానింగ్: నల్ల లైనును 600 డీపీఐలో చేయండి, రంగుల పేజీ 300 చాలు, పెద్దది చేయాలంటే 600. చౌకరకం పలుచటి స్కానర్లలో ఎక్కువగా ఉండేది సీఐఎస్ సెన్సర్. అద్దానికి అంటుకున్నదే దానికి స్పష్టంగా కనబడుతుంది. వాటర్‌కలర్‌కు ఉబ్బిన కాగితం పెడితే ఎత్తుగా ఉన్నచోట మసక వస్తుంది. కాగితం ఉబ్బినా స్పష్టంగా తీసే సీసీడీ స్కానర్ ఉన్న షాపు వెతకండి, లేదా 300 జీఎస్ఎం కాగితం మీద గీసి, ఆరాక బరువు కింద రాత్రంతా పెట్టి స్కాన్ చేయండి. ఫ్లోరసెంట్ రంగులు ఏ స్కానర్‌కూ సరిగా చిక్కవు. వాడకండి.

రంగులు: మాప్‌లిథో సిరాను పీల్చేస్తుంది, చుక్క పరుచుకుంటుంది, బొమ్మ ముదురుతుంది. నాలుగు సిరాల (సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే గులాబీ, ఎల్లో, బ్లాక్) శాతాలన్నీ కలిపి 260 దాటనివ్వకండి. నునుపు పూత ఉన్న ఆర్ట్ పేపర్ అయితే 300 దాకా పోవచ్చు. మన పుస్తకాల్లో ఎక్కువగా దెబ్బతినేవి మూడు రంగులు.

పసుపు. గడపకు రాసిన పసుపు కావాలంటే ఎల్లో 100, మెజెంటా 15 నుంచి 20. అందులో సయాన్ 5 పడినా ఆకుపచ్చ మురికి వస్తుంది. ఆర్‌జీబీ (తెర రంగుల పద్ధతి) నుంచి ఊరికే మారిస్తే ఆ 5 శాతం చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. రంగు శాతాలు చూపే ఐడ్రాపర్‌తో చూసి తీసేయండి.

నీలం. తెర మీద నీలంగా ఉన్నది కాగితం మీద వంకాయ రంగుకు పోతుంది. సయాన్ 100కు మెజెంటా 65 దగ్గర ఆపండి, రెండిటి మధ్య కనీసం 30 తేడా ఉండాలి.

ఒంటి రంగు. చామనఛాయకు సయాన్ 25–35, మెజెంటా 50–60, ఎల్లో 65–75 దగ్గర మొదలుపెట్టండి. బ్లాక్ 10 దాటితే పిల్లాడు బూడిద పూసుకున్నట్టుంటాడు. నీడ కోసం బ్లాక్ పెంచడమే అందరూ చేసే తప్పు. మెజెంటా, సయాన్ కొంచెం కొంచెం పెంచండి.

నల్ల లైను: దీన్ని విడి లేయర్‌లో, బ్లాక్ 100 ఒక్కటే పెట్టి, మల్టిప్లై మోడ్‌లో (కింది రంగు కనబడేలా) ఉంచండి. నాలుగు సిరాల నలుపైతే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా లైను పక్కన ఎరుపు, నీలం అంచులు తేలతాయి.

ప్రొక్రియేట్ యాప్‌లో సీఎంవైకే (ఆ నాలుగు సిరాల పద్ధతి) కావాలంటే కాన్వాస్ తెరిచేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత కుదరదు. క్రిటా యాప్ ఉచితం, సీఎంవైకే ఉంది. ఏ కలర్ ప్రొఫైల్ వాడాలో ప్రెస్ వాళ్లను అడిగి తీసుకోండి. చివరగా ఒక్క స్ప్రెడ్ అదే మాప్‌లిథో మీద ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించమనండి. ఆర్ట్ పేపర్ మీద తీసిన ప్రూఫ్ చూసి ఓకే అంటే మోసపోతారు.

కొమ్ము_సుడి · మంగళవారం, రాత్రి 8:55

మామ చెప్పనిది ఒకటి కలుపుతా: తెలుగు అక్షరాలు. కథ వాక్యాలను బొమ్మలో కలిపేయకండి. విడి లేయర్, లేదంటే చోటు వదిలి అక్షరాల పని డీటీపీ వాళ్లకు వదిలేయండి.

చోటు ఎంత వదలాలి? ఇంగ్లిష్ కథ చూసి అంచనా వేస్తే తప్పుతారు. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. పిల్లల పుస్తకంలో అక్షరం 20 పాయింట్లయితే లైనుకు లైనుకు మధ్య 30 దాకా కావాలి. "రాష్ట్రం" కింది ట-వత్తు, రావత్తు కింది లైనులోని "కీ" గుడిని పొడుస్తాయి. నమ్మకపోతే ఆ రెండూ ఒకదాని కింద ఒకటి టైపు చేసి చూడండి. నాలుగు లైన్ల కథకు మీరనుకున్న ఆకాశం చాలదు, చెట్టు కొమ్మ కిందికి జరపాల్సి వస్తుంది. కాబట్టి రఫ్ దశలోనే అసలు వాక్యాలు పెట్టి చూడండి.

బొమ్మలోనే ఉండే అక్షరాలు, అంటే బస్సు బోర్డు, కిరాణా కొట్టు పేరు లాంటివి చేత్తో రాయండి. అనువాదానికి పనికొచ్చేలా అది కూడా విడి లేయర్‌లో పెట్టండి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోయి కనబడితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా లిపులకు మార్చాలి. డీటీపీలో ఇంకా అను ఫాంట్లే వాడుతుంటే, అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అక్షరాలను అవుట్‌లైన్‌గా (గీతల బొమ్మగా) మార్చి ఇమ్మనండి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుంచించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఆ కుంచించుకుపోయిన ఫైలే అచ్చయ్యే రోజులు ఇంకా పోలేదు.

చిట్టా_పద్దు · బుధవారం, ఉదయం 10:10

పన్నులు. మీకు పనికొచ్చేవే చెబుతాను.

ఉద్యమ్ (చిన్న సంస్థల నమోదు) రిజిస్ట్రేషన్ ముందు చేయించండి. ఆధార్, పాన్ ఉంటే సర్కారు వెబ్‌సైట్‌లో ఉచితం, ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసిన గడువులో, అదీ 45 రోజులు మించకుండా, మీకు డబ్బు చెల్లించాలి. 90 రోజులని రాసుకున్నా చెల్లదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. దీనికోసం ఉన్న సర్కారు పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. పని మొదలుకాకముందే రిజిస్టర్ అయి ఉండాలి, బకాయి పడ్డాక చేయించుకుంటే వాదనకు దిగుతారు. ఇంకో ఆయుధం కూడా ఉంది. 2023–24 నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈ గడువులో చెల్లించని సొమ్మును, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. మార్చి నెలలో వాళ్ల అకౌంటెంటే మీకు ఫోన్ చేస్తాడు.

"పుస్తకం అచ్చయ్యాక ఇస్తాం" అన్నదానికి అసలు ఒప్పుకోవద్దు. అచ్చు ఎప్పుడవుతుందో మీ చేతిలో లేదు. 60,000 అయితే సంతకానికి 18,000, రఫ్‌లు ఖాయమయ్యాక 24,000, ఫైనల్ ఫైళ్లకు 18,000. మధ్యలో పని ఆగిపోతే అప్పటిదాకా ఇచ్చింది వెనక్కి ఇవ్వనక్కర్లేదని రాయండి.

టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే కోసి సర్కారుకు కట్టే పన్ను): వృత్తి ఫీజు మీద 10 శాతం. ఒక్కరి దగ్గర నుంచి ఏడాదికి 50,000 దాటితేనే, 2025 ఏప్రిల్ నుంచి ఇదీ పరిమితి. మీ లెక్కలో మొదటి రెండు వాయిదాలు 42,000 కాబట్టి కోత ఉండకపోవచ్చు. మూడోది 50,000 దాటిస్తుంది. అప్పుడు మొత్తం 60,000 మీద 6,000 కోస్తారు, చేతికి 18,000 బదులు 12,000 వస్తాయి. మోసం జరిగిందని కంగారు పడకండి, మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను సైట్‌లోని పన్ను జమల పట్టికలో చూసుకుని, రిటర్న్ వేసి వెనక్కి తీసుకోండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు.

జీఎస్టీ: సేవలకు ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వేరే రాష్ట్రం క్లయింట్ అయినా సరే. రిజిస్టర్ కాకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు.

నల్లసిరా · బుధవారం, ఉదయం 11:02

అక్కా, 1961 ఆదాయపు పన్ను చట్టంలో కొన్ని వృత్తులకు పెట్టిన 44ఏడీఏ సెక్షన్ కింద సగం ఆదాయమే లాభంగా చూపించుకోవచ్చు కదా? అందరూ అదే చేస్తున్నారు.

చిట్టా_పద్దు · బుధవారం, ఉదయం 11:30

అందరూ చేస్తే సరైపోదు. ఆ జాబితాలో ఉన్నది లాయర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, ఇంటీరియర్ డెకొరేటర్లు, సినిమా కళాకారులు మొదలైనవాళ్లు. సినిమాకు ఆర్ట్ డైరెక్టర్ ఉన్నాడు, పుస్తకాలకు బొమ్మలేసేవారి పేరు లేదు. కాబట్టి వ్యాపారాలకుండే 44ఏడీ పద్ధతిలోకి వస్తారని కొందరు ఆడిటర్లంటారు, అందులో బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకు 6 శాతమే లాభంగా చూపితే చాలు. నిజానికి అది మీకే లాభం. ఏది పెట్టుకోవాలో మొదటి రిటర్న్‌కు ముందే మీ ఆడిటర్‌తో తేల్చుకోండి, ఏడాదికో తీరు మారిస్తే ప్రశ్నలొస్తాయి. అప్పటిదాకా ఖర్చుల బిల్లులు దాచండి.

విదేశీ క్లయింట్లయితే బ్యాంకు పర్పస్ కోడ్ (సొమ్ము దేనికొచ్చిందో చెప్పేది) అడుగుతుంది, సొమ్ము వచ్చినట్టు చూపే పత్రం ప్రతిసారీ దించుకుని పెట్టుకోండి. అమెరికా సైట్లలో బొమ్మలు అమ్మి రాయల్టీ తీసుకుంటే డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపాలి. నింపకపోతే 30 శాతం కోత, మన రెండు దేశాల ఒప్పందం వాడుకుంటే రాయల్టీకి 15.

మూఢం_లేని_నెల · బుధవారం, రాత్రి 9:25

పుస్తకాల మీద మాత్రమే మొదటి ఏడాది గడవదు. నెలనెలా డబ్బులొచ్చే పనులు రెండున్నాయి.

పెళ్లి పత్రికలకు జంట బొమ్మలు. ఇది పంచాంగం మీద నడిచే వ్యాపారం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, పైన మూఢం వచ్చిన రోజులు ఖాళీ. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖాల ముహూర్తాలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఫోన్లు మొదలవుతాయి. పంచాంగం రాగానే మూఢాలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, ఆ నెలల్లోకి పుస్తకాల పని తోసేయండి. సగం ముందే తీసుకోండి. ముఖాలకు రెండుసార్లు, బట్టలకు ఒక్కసారి దిద్దుబాటు అని మొదటి మెసేజ్‌లోనే చెప్పండి. ముఖం ఖాయమయ్యాకే చీర అంచు గీయండి, ఎందుకంటే పట్టుచీర రంగు మూడుసార్లు మారుతుంది. అమ్మాయి ఒప్పుకున్నాక అత్తగారు వస్తారు. ఓకే చెప్పేది ఒక్కరే అని రాయించుకోండి. కార్డు షాపుకు ఫైలు ఇస్తే "ఈ జంట పత్రికకు మాత్రమే" అని రాసి ఇవ్వాలి, లేకపోతే తలలు మార్చి ఇంకో నలుగురికి అమ్ముతారు.

లిరికల్ వీడియోలకు బొమ్మలు. 3840 × 2160 పిక్సెళ్లు. ఇక్కడ కావాల్సింది విడదీసిన లేయర్లు. తల, జుట్టు, కనురెప్పలు, పై చేయి, ముంజేయి అన్నీ వేర్వేరుగా ఉండాలి. చేయి కదిలితే వెనక కనబడే చొక్కా కూడా గీసి ఉండాలి. అక్కడ ఖాళీ వదిలితే యానిమేటర్ రాత్రి రెండింటికి ఫోన్ చేస్తాడు. ఒక్క ఫ్లాట్ బొమ్మతో పోలిస్తే దాదాపు రెట్టింపు పని, రేటు కూడా అలాగే చెప్పండి. లేయర్లున్న ఫొటోషాప్ ఫైలు (పీఎస్‌డీ) ఇవ్వడం వేరే రేటని ముందే అనుకోండి.

పలక_బలపం · బుధవారం, రాత్రి 10:05

"బాపు బొమ్మలా వేసివ్వండి" అని అడిగితే?

హక్కుల_పుట · గురువారం, ఉదయం 7:45

అడగనివాళ్లెవరు! శైలికి కాపీరైట్ లేదు. పొడుగు కళ్లు, వాలుజడ ఎవరైనా గీసుకోవచ్చు. ఆయన గీసిన ఫలానా బొమ్మను ట్రేస్ చేసి పత్రిక మీద వేస్తే మాత్రం ఉల్లంఘనే. చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు లెక్క. బాపు 2014లో పోయారు, 2074 చివరిదాకా హక్కులుంటాయి. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, 2052 దాకా. రవివర్మ 1906లోనే పోయారు కాబట్టి ఆయన బొమ్మలు ఎవరైనా వాడుకోవచ్చు. పైగా మీ పోర్ట్‌ఫోలియోలో బాపు బొమ్మలే ఉంటే పిలిచేవాళ్లు ఇంకో బాపు బొమ్మకే పిలుస్తారు.

తెల్లకాగితం · గురువారం, మధ్యాహ్నం 12:30

పోర్ట్‌ఫోలియో మాట వచ్చింది కాబట్టి: కాలేజీ స్టిల్ లైఫ్, న్యూడ్ స్టడీలు, లోగోలు తీసేయండి. పిల్లల పుస్తకాల ఎడిటర్ చూసేది ఒకే పాత్ర పది చోట్ల అదే పాత్రలా ఉందా అన్నది. కాబట్టి 12 నుంచి 15 బొమ్మలు చాలు, అందులో వరసగా మూడు స్ప్రెడ్ల కథ ఒకటి, ఒక పాత్ర షీటు (ముందు, పక్క, వెనక, ఏడుపు, నవ్వు, పరుగు), గుంపు ఉన్న బొమ్మ ఒకటి, జంతువులు ఒకటి. సంత, బస్టాండు, మధ్యాహ్న భోజనం లైను గీస్తే గుంపు గీయగలరని తెలుస్తుంది. పీడీఎఫ్ 5 ఎంబీ లోపు ఉండాలి, ఫైలు పేరులో మీ పేరుండాలి. మెయిల్ ఎవరికి పంపుతున్నారో వాళ్ల పుస్తకాలు ముందు చూడండి. తూలిక, తారా చెన్నైవి, ఏకలవ్య భోపాల్‌ది, "మంచి పుస్తకం" అనే సంస్థ మన తెలుగువాళ్లదే, నేషనల్ బుక్ ట్రస్ట్ ఢిల్లీది. ఎవరి తీరు వాళ్లది, అందరికీ ఒకే పీడీఎఫ్ పనిచేయదు. జవాబు రాకపోతే మూడు వారాలకు ఒకసారి గుర్తు చేయండి, ఆ తర్వాత కొత్త బొమ్మ ఉంటేనే రాయండి.

పలక_బలపం · గురువారం, రాత్రి 9:40

అందరి మాటలూ కలిపి ఈ మెయిల్ రాశాను, చూడండి:

"నమస్తే. కథ బాగుంది, చేయాలని ఉంది. 11 స్ప్రెడ్లూ నిండుగా చేస్తే 6 వారాల్లో నాణ్యంగా పూర్తికాదు. అయిదు నిండు స్ప్రెడ్లు, ఆరు విడి బొమ్మల స్ప్రెడ్లుగా చేయాలని నా సూచన. నమూనా థంబ్‌నెయిల్స్ జతచేశాను. ఫీజు 60,000, మూడు వాయిదాల్లో: సంతకానికి 18,000, రఫ్‌లకు 24,000, ఫైనల్స్‌కు 18,000. రఫ్ దశలో రెండుసార్లు, రంగుల దశలో ఒకసారి మార్పులు. హక్కుల వివరం కింద ఉంది. మీరు సర్వహక్కులే కావాలంటే ఆ ఫీజు విడిగా చెబుతాను."

రఫ్‌స్కెచ్ · గురువారం, రాత్రి 10:02

బాగుంది. మూడు దిద్దుబాట్లు. థంబ్‌నెయిల్స్ మూడు స్ప్రెడ్లకే పంపండి, పుస్తకం మొత్తానికి పంపితే సగం పని ఉచితంగా ఇచ్చినట్టే. "రఫ్‌లకు" అని కాదు, "రఫ్‌లు ఖాయమైనప్పుడు, లేదా రఫ్‌లు పంపిన 10 రోజులకు, ఏది ముందైతే అది" అని రాయండి. వాళ్లు చూడకుండా కూర్చుంటే మీ వాయిదా ఆగకూడదు. ఆ ఆలస్యమైన రోజులు ఆరు వారాలకు కలుస్తాయని కూడా ఒక లైను.

హక్కుల_పుట · గురువారం, రాత్రి 10:15

సర్వహక్కులకు విడి ఫీజు అన్నారు కదా, వాళ్లు రేపే అడిగితే చెప్పడానికి అంకె ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్లో అప్పటికప్పుడు చెప్పే అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది.